నాలుగున్నరేళ్ళ పాపకు గుండె చికిత్స: ముందుగా ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తల్లి

అందరికీ నమస్కారం. మా పాపకు నాలుగున్నరేళ్ళు. చిన్నప్పటి నుంచి తరచుగా జలుబు, దగ్గు వస్తుండడం, వయసుకు తగినట్టు బరువు పెరగకపోవడం చూసి పిల్లల డాక్టరు గారు ఎకో (గుండె స్కానింగ్) తీయించమన్నారు. గుండె పై గదులు రెండింటి మధ్య గోడలో రంధ్రం ఉందని అందులో తేలింది. వైద్యులు దీన్ని ఏఎస్‌డీ అంటారు. చిన్న రంధ్రాలు చాలావరకు వాటంతట అవే మూసుకుపోతాయి కాబట్టి ఇన్నాళ్ళూ ఆగి చూశారు. మా పాపది పెద్దది కావడంతో, కుడివైపు గదుల మీద భారం పెరుగుతోందని, బడిలో చేర్చే లోపు మూసివేయడం మంచిదని ఇప్పుడు చెప్పారు. విజయవాడలో ఒక ఆసుపత్రిలో వచ్చే నెల చికిత్సకు తేదీ ఇచ్చారు. గజ్జల దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి, క్యాథ్ ల్యాబ్‌లో, అంటే ఇలా గొట్టాలతో గుండె చికిత్స చేసే గదిలో, రంధ్రాన్ని మూసే చిన్న పరికరం (డివైస్) అమరుస్తారు. పాపకు పూర్తి మత్తు ఇచ్చి, గొంతులోంచి ఎకో గొట్టం పంపి చూసుకుంటూ చేస్తారట. రంధ్రం చుట్టూ డివైస్ పట్టుకునేంత అంచు లేదని అప్పుడు తేలితే మాత్రం తరువాత ఆపరేషన్ చేయవలసి వస్తుందని కూడా ముందే చెప్పారు.

చికిత్స విషయంలో మాకు సందేహం లేదు, డాక్టర్లు ఓపికగా బొమ్మ గీసి మరీ వివరించారు. నా ఆందోళన అంతా పాప మనసు గురించి. కొంతకాలం క్రితం ఒకచోట రక్తపరీక్షకు వెళ్ళినప్పుడు నరం దొరకక, ముగ్గురు పెద్దవాళ్ళు కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమిపట్టి రక్తం తీశారు. అప్పటి నుంచి తెల్లకోటు కనిపిస్తే చాలు నా కొంగు పట్టుకుని వణికిపోతుంది. ఎకో తీయించడానికి కూడా నిద్రమందు ఇవ్వవలసి వచ్చింది.

ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. మా అత్తయ్య గారు పాపకు ఏమీ చెప్పవద్దని, దుర్గమ్మ కొండకు వెళుతున్నామని చెప్పి బయలుదేరదీయమని అంటున్నారు. ఆవిడకు మనవరాలంటే ప్రాణం, ఆ బిడ్డ ముందుగా బెంగపెట్టుకోకూడదన్నదే ఆవిడ బాధ. మావారు ఫోనులో బొమ్మలు చూపిస్తూ లోపలికి పంపేద్దామంటున్నారు. నాకేమో అబద్ధం చెప్పడానికి నోరు రావడం లేదు, నిజం ఎలా చెప్పాలో కూడా తెలియడం లేదు. పెద్దవాళ్ళ మాటలు విని నిన్న తనే నన్ను అడిగింది: "అమ్మా, నా గుండెలో చిల్లు ఉందా? నేను అల్లరి చేశాననా?"

ఈ దారిలో నడిచినవాళ్ళు, ఆసుపత్రుల్లో పిల్లల దగ్గర పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, ఎప్పుడు చెప్పాలో, ఏ మాటలతో చెప్పాలో, ఆ రోజు నేను పాప పక్కన ఎలా ఉండాలో దయచేసి చెప్పండి.

జవాబు: పిల్లల వార్డులో పనిచేసి రిటైరైన నర్సు, గుంటూరు

అమ్మా, ముందుగా మీ పాప అడిగిన ప్రశ్నకు ఈ రోజే జవాబు చెప్పండి. మిగతావన్నీ చికిత్స దగ్గరపడేవరకు ఆగవచ్చు గాని ఇది ఆగకూడదు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలు తమకు వచ్చిన జబ్బుకు తామే కారణమని, తప్పు చేసినందుకు పడిన శిక్షని నిజంగానే నమ్ముతారు. "నువ్వు అల్లరి చేసినందుకు రాలేదమ్మా. నువ్వు నా పొట్టలో ఉన్నప్పుడే అది అలా ఉంది. నీ తప్పు లేదు, నా తప్పు లేదు, ఎవరి తప్పూ లేదు" అని స్పష్టంగా, ఒకసారి కాదు, నాలుగైదుసార్లు చెప్పండి. ఇంట్లో అందరూ అదే మాట చెప్పాలి. అన్నం తినకపోతే సూది వేయిస్తానని బెదిరించే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ నెల రోజులూ పూర్తిగా మానిపించండి.

ఇక చికిత్స గురించి ఎప్పుడు చెప్పాలన్నది. ఈ వయసు పిల్లలకు నెల ముందు చెబితే ఆ నెలంతా భయపడుతూనే ఉంటారు, గుమ్మం దగ్గర చెబితే సర్దుకునే వ్యవధి ఉండదు. రెండు మూడు రోజుల ముందు చెప్పడం సరిపోతుంది. "నీ గుండెలో రెండు చిన్న గదులున్నాయి, మధ్య గోడలో తలుపు లేని కిటికీ ఉండిపోయింది, డాక్టరు గారు దానికి చిన్న తలుపు పెడతారు" అంటే ఆ వయసుకు అర్థమవుతుంది. ఆ తరువాత పాప ఏమి అడిగితే దానికే జవాబు చెప్పండి. అడగని వివరాలు గుమ్మరించనక్కరలేదు.

మత్తు గురించి చెప్పేటప్పుడు జాగ్రత్త. ఉత్తగా "నిద్రపోతావు" అంటే కొందరు పిల్లలు ఇంటికి వచ్చాక రాత్రి పడుకోవడానికి భయపడతారు. "ఇది మామూలు నిద్ర కాదు, మందుతో వచ్చే నిద్ర. అందులో ఏమీ తెలియదు. పని అవగానే డాక్టరు గారు ఆ మందు ఆపేస్తారు, అప్పుడు నువ్వు లేస్తావు" అని విడమరిచి చెప్పండి. సూది గురించి నొప్పే ఉండదని మాత్రం చెప్పకండి. ఒక్కసారి నొప్పి తగిలిందంటే ఆ తరువాత మీరు చెప్పే ఏ మాటనూ పాప నమ్మదు. "కాసేపు నొప్పిగా ఉంటుంది, ఏడవాలనిపిస్తే ఏడు, చెయ్యి మాత్రం కదపకు, నేను పట్టుకుని ఉంటాను" అనండి.

మీ పాపను అదిమిపట్టి రక్తం తీశారని చదివి మనసు చివుక్కుమంది. పిల్లలను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి నలుగురూ వంగి పట్టుకుంటే వాళ్ళకు సూది కంటే ఆ పట్టు భయంకరంగా ఉంటుంది. పాపను మీ ఒడిలో మీకు ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఛాతీకి హత్తుకుని, ఒక చెయ్యి మాత్రం మీ చంక కిందుగా వెనక్కి రానిస్తే నర్సు ఆ చేతికి క్యాన్యులా (మందులు ఎక్కించే సన్నని గొట్టం) పెట్టగలదు. పాపకు మీ ముఖమే కనిపిస్తుంది. ఇలా కూర్చుంటానని ముందే అడగండి. చర్మాన్ని మొద్దుబార్చే క్రీము ఉంటుంది. సూదికి గంట ముందు రాసి పైన అతుకు వేస్తే నొప్పి బాగా తగ్గుతుంది. అది రాయమని కూడా అడగండి. అడిగే హక్కు తల్లికి ఉంది, వార్డులో మాకు తీరిక లేకపోవడం వల్ల చెప్పనివి చాలా ఉంటాయి. ఏ చేతికి పెట్టించుకుంటుందో, అతుకు మీద ఏ బొమ్మ గీయాలో పాపనే చెప్పమనండి. ఆ కాస్త అధికారం చేతికిస్తే పిల్లలు ఎంత మారిపోతారో నేను కళ్ళారా చూశాను.

ఉపవాసం విషయంలో ఇంట్లో పెద్దవాళ్ళకు ముందే నచ్చజెప్పండి. సాధారణంగా మత్తుకు ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు, బిస్కట్లు ఇవ్వకూడదు. మంచినీళ్ళ వంటి పలుచని ద్రవాలు రెండు గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. అయితే మీ ఆసుపత్రివారు చెప్పిన సమయమే మీకు లెక్క. పాప ఆకలికి ఏడుస్తోందని బామ్మ గారు జాలిపడి చాటుగా ఒక ముద్ద పెట్టారనుకోండి, మత్తులో అది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే ప్రమాదం ఉంది. ఆ కారణం చెబితే ఏ బామ్మా పెట్టదు. చిన్నపిల్లలను ఉదయం మొదటి కేసుగా తీసుకోమని అడగడం మరచిపోకండి, ఎక్కువమంది డాక్టర్లు ఒప్పుకుంటారు.

ఇంకొన్ని చిన్న విషయాలు. గజ్జల దగ్గర శుభ్రం చేస్తారు కనుక మొలతాడు తీయించవలసి వస్తుంది. తాయెత్తు, పట్టీలు, చెవి కమ్మలు కూడా తీయించి ఇంటి దగ్గరే పెట్టండి. అప్పటికప్పుడు కత్తెరతో మొలతాడు తెంపితే పెద్దవాళ్ళూ బాధపడతారు, పాపా బెదిరిపోతుంది. గోళ్ళకు రంగు ఉంటే వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పు సరిగా చూపకపోవచ్చు, తుడిచివేయండి. పాలపన్ను ఏదైనా కదులుతుంటే మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి. పుచ్చిపోయిన పళ్ళు ఉంటే ఇప్పుడే చూపించండి, పంటి చీము నుంచి సూక్ష్మక్రిములు రక్తంలో చేరి గుండె లోపలికి పాకగలవు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. "నీతోనే ఉంటాను" అని పాపకు మాట ఇవ్వకండి, ఎందుకంటే క్యాథ్ ల్యాబ్ లోపల మిమ్మల్ని ఉండనివ్వరు. మత్తు ఇచ్చేవరకు తల్లిని ఉండనిస్తారా, మెలకువ వచ్చే గదిలోకి ఎప్పుడు పిలుస్తారు అని ముందురోజే కనుక్కుని, వాళ్ళు ఒప్పుకున్నంతవరకే పాపకు చెప్పండి. తలుపు దాకా అంటే తలుపు దాకానే. బ్రిటన్‌లో 1959లో ప్లాట్ కమిటీ పిల్లల వార్డుల్లోకి తల్లిదండ్రులను ఆంక్షలు లేకుండా రానివ్వాలని సిఫారసు చేసేవరకు, అక్కడ చాలా ఆసుపత్రుల్లో వారానికి ఒకటి రెండుసార్లే బిడ్డను చూడనిచ్చేవారు. తల్లి పక్కన ఉండడం వైద్యంలో భాగమేనని గుర్తించడానికి అంతకాలం పట్టింది.

జవాబు: తెనాలి నుంచి ఒక తండ్రి

మా బాబుకు మూడేళ్ళ వయసులో కింది గదుల మధ్య రంధ్రానికి ఛాతీ తెరిచి ఆపరేషన్ జరిగింది. మీకు ఆ అవసరం రాకూడదనే కోరుకుంటున్నాను గాని, డాక్టర్లు ఆ మాట కూడా చెప్పి ఉంచారు కనుక మీరు ముందుగా తెలుసుకుని ఉంటే మంచిదనిపించి రాస్తున్నాను.

ఆపరేషన్ తరువాత ఐసీయూలో బిడ్డను మొదటిసారి చూసేటప్పుడు తల్లిదండ్రులకు కాళ్ళు తేలిపోతాయి. నోట్లో వెంటిలేటర్ గొట్టం, మెడ దగ్గర సెలైన్, చేతి ధమనిలో రక్తపోటు చూసే సన్నని గొట్టం, ఛాతీ కింద నుంచి రక్తం, నీరు బయటికి తీసే గొట్టాలు, చర్మంలోంచి బయటికి వచ్చిన సన్నని పేసింగ్ తీగలు (అవసరమైతే గుండె లయను సరిచేసేవి) ఉంటాయి. ముఖం కాస్త ఉబ్బి ఉంటుంది. యంత్రాలు ఊరికే మోగుతుంటాయి. చాలాసార్లు పిల్లవాడు కదిలినందుకో, వేలి క్లిప్పు జారినందుకో అవి మోగుతాయి. ఇవన్నీ మాకు ముందురోజే ఒక సిస్టర్ ఓపికగా చెప్పి, ఆ మంచాన్ని దూరం నుంచి చూపించారు. అందువల్ల నా భార్య బాబు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏడవకుండా వాడి నుదుటి మీద చెయ్యి వేసి మాట్లాడగలిగింది. మీరు కూడా ఐసీయూ ఒకసారి చూపించమని అడగండి. గొట్టం ఉన్నంతసేపు పిల్లలకు గొంతు పెగలదు, ఏడుపు కూడా చప్పుడు లేకుండా వస్తుంది. అది ముందుగా తెలియకపోతే తట్టుకోవడం కష్టం.

ఇంటికి వచ్చాక ఛాతీ ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పటివరకు చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు. ఒక చెయ్యి వీపు కింద, ఒక చెయ్యి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. ముద్దు చేయడానికి వచ్చే ప్రతి బంధువుకూ ఇది చెప్పవలసి వస్తుంది. నేను వీధి గుమ్మానికే కాగితం అతికించాను.

మీ బంధువులు కూడా మా వాళ్ళలాగే చెన్నైకో హైదరాబాదుకో తీసుకెళ్ళమని పట్టుబడుతుంటే ఒక్క మాట. మన ప్రాంతంలో ఇప్పుడు గుండె వైద్యం తక్కువదేమీ కాదు. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోనే 2016లో డాక్టర్ ఆళ్ళ గోపాలకృష్ణ గోఖలే గారి బృందం గుండెమార్పిడి చేసింది. పిల్లల గుండె కోసమే తిరుపతిలో తితిదే వారు 2021లో శ్రీ పద్మావతి హృదయాలయం ప్రారంభించారు. రెండో అభిప్రాయం కావాలంటే తప్పక తీసుకోండి. కాని సమానమైన వైద్యం దగ్గరలో దొరుకుతున్నప్పుడు దగ్గరగా ఉండడమే బిడ్డకు మేలు. నాన్న సాయంత్రం వచ్చి వెళ్ళగలగడం, తన గిన్నెలో ఇంటి చారన్నం రావడం, తన దుప్పటి తనకు ఉండడం అంత వయసువాళ్ళకు చాలా పెద్ద విషయాలు. ఖర్చు విషయంలో మీకు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తే, ఆసుపత్రిలో ఆ పథకం తరఫున కూర్చునే ఉద్యోగిని ఇప్పుడే కలిసి అనుమతి కోసం కాగితాలు పెట్టించండి, వివరాలకు 104కు ఫోన్ చేయవచ్చు. చేరే రోజు ఉదయం నాన్న కౌంటర్ల చుట్టూ తిరుగుతుంటే పాపను ఎత్తుకోవడానికి మీరొక్కరే మిగులుతారు.

జవాబు: ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

మీ అత్తయ్య గారి సలహా చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నాకు ఆరేళ్ళప్పుడు గుండె ఆపరేషన్ జరిగింది. మా ఇంట్లోవాళ్ళు నన్ను ఎంతో ప్రేమించేవాళ్ళే, ఇప్పటికీ ప్రేమిస్తారు. కాని ఆ రోజు పిన్ని వాళ్ళ ఇంటికి పెళ్ళికి వెళుతున్నామని చెప్పి, కొత్త చొక్కా తొడిగి తీసుకెళ్ళారు. ఆపరేషన్ నొప్పి నాకు దాదాపుగా గుర్తులేదు. కారు ఆసుపత్రి ముందు ఆగడం, అమ్మ నా వైపు చూడకపోవడం మాత్రం నిన్నటిలా గుర్తుంది. ఆ తరువాత చాలా ఏళ్ళు ఎక్కడికి బయలుదేరినా, నిజంగా ఎక్కడికి వెళుతున్నామని మళ్ళీ మళ్ళీ అడిగేవాడిని. కొత్త చొక్కా అంటేనే ఏడ్చేవాడినట.

మీ పాపకు దుర్గమ్మ గుడి అంటే ఇష్టం ఉండే ఉంటుంది. ఆ ఇష్టాన్ని ఈ భయంతో ముడిపెట్టకండి. ముందురోజు నిజంగానే కొండకు తీసుకెళ్ళి దర్శనం చేయించండి, మీ అత్తయ్య గారి మనసు కూడా కుదుటపడుతుంది. మరునాడు ఆసుపత్రికి ఆసుపత్రి అని చెప్పే తీసుకెళ్ళండి.

నాకు తరువాత మా కార్డియాలజిస్టు చెప్పిన ఒక సంగతి మీకు చెప్పాలనిపిస్తోంది. తెరిచిన గుండెలో కళ్ళతో చూస్తూ చేసిన మొదటి విజయవంతమైన ఆపరేషన్ 1952 సెప్టెంబరులో అమెరికాలోని మిన్నెసోటాలో జరిగింది. శరీరాన్ని చల్లబరచి, కొన్ని నిమిషాలు రక్తప్రసరణ ఆపి, జాన్ లూయిస్ అనే సర్జన్ మూసింది పై గదుల మధ్య రంధ్రాన్నే. ఆ రోగి అయిదేళ్ళ పాప. మరుసటి ఏడాది మేలో జాన్ గిబ్బన్ అనే సర్జన్ హార్ట్ లంగ్ మిషన్ (గుండె, ఊపిరితిత్తుల పనిని తాత్కాలికంగా చేసే యంత్రం) సాయంతో మొదటిసారి విజయవంతంగా చేసిన ఆపరేషన్ కూడా ఇదే రంధ్రానికి. గుండె శస్త్రచికిత్స నడక నేర్చుకున్నదే మీ పాపకున్న సమస్య మీద. డెబ్బై ఏళ్ళకు పైగా వైద్యులకు చేతికి అలవాటైన పని ఇది.

జవాబు: విజయవాడ పటమట నుంచి ఒక తల్లి

మా అమ్మాయికి అయిదేళ్ళప్పుడు మీరు చెప్పిన చికిత్సే జరిగింది, ఇప్పుడు మూడో తరగతి చదువుతోంది. క్యాథ్ ల్యాబ్ తలుపు మూసుకున్న తరువాతి సంగతులు నేను చెబుతాను, ఎందుకంటే వాటి గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

మత్తు వదిలేటప్పుడు పిల్లలు ప్రశాంతంగా కళ్ళు తెరుస్తారని అనుకోవద్దు. కొంతమంది ఎవరినీ గుర్తుపట్టనట్టు అరుస్తారు, కాళ్ళు తన్నుకుంటారు, తల్లిని కూడా తోసేస్తారు. మా అమ్మాయి అలాగే చేసింది. అది మత్తు ప్రభావమే తప్ప మీ మీద కోపం కాదు. సాధారణంగా అరగంటలోపు సర్దుకుంటుంది. ఎక్కువ మాట్లాడించకుండా, దీపం తగ్గించమని అడిగి, ఇంట్లో మీరు రోజూ పాడే పాటేదో సన్నగా పాడుతూ ఉండండి.

అసలు పరీక్ష ఆ తరువాతే. గొట్టం పెట్టిన కాలును నాలుగు నుంచి ఆరు గంటలు చాచి కదపకుండా ఉంచాలి. నాలుగేళ్ళ పిల్ల కాలు మడవకుండా ఉండడమంటే మాటలు కాదు. ఇంటి దగ్గర "బొమ్మ కాలు ఆట" అని పేరు పెట్టి ఇప్పటి నుంచే రోజూ కాసేపు ఆడించండి. పాప బొమ్మకు గజ్జల దగ్గర చిన్న కట్టు కట్టి, బొమ్మను పడుకోబెట్టి, కథ పూర్తయ్యేవరకు బొమ్మా పాపా కదలకుండా ఉండాలన్నమాట. పడుకునే మూత్రం పోయాల్సి వస్తుంది, ఈ వయసు పిల్లలు సిగ్గుపడి బిగబట్టుకుంటారు. అది కూడా ముందుగా చెప్పి, ఒకసారి అలవాటు చేయండి. మీవారి మాటకు నా ఓటు ఇక్కడ పడుతుంది: ఫోనులో బొమ్మలు ఈ గంటల కోసం దాచి ఉంచండి, లోపలికి పంపేటప్పుడు కాదు.

కట్టు దగ్గర రక్తం వస్తే వెంటనే అరచేత్తో గట్టిగా నొక్కి పట్టి సిస్టర్‌ను పిలవాలి. ఆ కాలు చల్లబడినా, రంగు మారినా, తిమ్మిరిగా ఉందన్నా ఆలస్యం చేయకుండా చెప్పాలి. మమ్మల్ని మరునాడే ఇంటికి పంపారు. డివైస్ మీద లోపలి పొర పూర్తిగా అల్లుకోవడానికి సుమారు ఆరు నెలలు పడుతుంది కాబట్టి, సాధారణంగా అప్పటివరకు రోజూ కొద్ది మోతాదులో ఆస్పిరిన్ ఇస్తారు, పంటి చికిత్స చేయించవలసి వస్తే ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు. ఆస్పిరిన్ వాడుతున్న రోజుల్లో పాపకు ఆటలమ్మ గాని ఫ్లూ గాని వస్తే వెంటనే గుండె డాక్టరుకు చెప్పాలి, మందుల దుకాణంలో అడిగి వేరే నొప్పి మాత్రలు వేయకూడదు. జ్వరం వచ్చి తగ్గకపోతే, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా గుండెలో డివైస్ ఉందని మొదటి మాటగా చెప్పండి. డివైస్ వివరాలతో చిన్న కార్డు ఇస్తారు, దాన్ని లామినేషన్ చేయించి, ఫొటో తీసి కూడా ఉంచుకోండి.

ఇంటికి వచ్చిన తరువాత కొన్ని వారాల పాటు మా అమ్మాయి పక్క తడిపేది, నేను స్నానానికి వెళ్ళినా తలుపు దగ్గర కూర్చునేది, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచేది. నన్ను కొరికింది కూడా. ధైర్యంగా ఉందని అందరూ మెచ్చుకున్న పిల్లే! ఆసుపత్రిలో బిగబట్టుకున్నదంతా ఇల్లు చేరాక బయటికి వస్తుంది. తిట్టకుండా, ఎగతాళి చేయకుండా ఉంటే క్రమంగా తగ్గిపోతుంది. సూది లేని సిరంజి ఒకటి, కాస్త దూది, గుడ్డ ముక్కలు చేతికిస్తే రోజుల తరబడి బొమ్మలకూ, తాతయ్యకూ ఇంజెక్షన్లు చేసింది. తాతయ్య ప్రతిసారీ అబ్బా అని అరిచేవారు. ఆ ఆటే మా అమ్మాయికి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసిందని నా నమ్మకం. నెలలు గడిచినా తగ్గకపోతే మాత్రం పిల్లల మనస్తత్వ నిపుణులకు చూపించండి.

ప్రశ్న వేసిన తల్లి

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిన్న రాత్రి పాపతో ఎవరి తప్పూ లేదని చెప్పాను. కాసేపు ఆలోచించి "మరి అన్నయ్య తప్పు కూడా కాదా?" అని అడిగింది. కాదన్నాక నిద్రపోయింది. ఈ జవాబులన్నీ మా అత్తయ్య గారికి చదివి వినిపించాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరువాత ముందురోజు కొండకు తానూ వస్తానన్నారు. మొలతాడు శుక్రవారం కాకుండా చూసి తనే తీస్తారట.

ఇంకొక్కటి అడుగుతాను. మా బాబుకు ఎనిమిదేళ్ళు. వాడికి ఎంతవరకు చెప్పాలి? ఆసుపత్రికి తీసుకురావచ్చా?

జవాబు: విశ్రాంత నర్సు, గుంటూరు

ఎనిమిదేళ్ళవాడికి పాప కంటే కాస్త ఎక్కువగానే చెప్పండి, వారం ముందుగా చెప్పండి. వాడికి ఇప్పటికే చాలా తెలిసి ఉంటుంది, తెలియనిది ఊహించుకుని ఉంటాడు. చెల్లెలు చచ్చిపోతుందా అని ఆ వయసు పిల్లలు అడగకుండా లోపల దాచుకుంటారు. అడిగితే కోప్పడకండి, "ఆ భయం మాకూ ఉంది, కాని ఇది డాక్టర్లు తరచుగా చేసే చికిత్స, చాలామంది పిల్లలు బాగై ఇంటికి వస్తారు" అని చెప్పండి. వాడికి నిజంగా ఉపయోగపడే పని ఏదైనా అప్పగించండి. కాలు కదపకుండా పడుకోవలసిన ఆ గంటల్లో వినడానికి వాడి గొంతుతో కథలు ఫోనులో రికార్డు చేసి ఇవ్వమనండి. మీరిద్దరూ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు వాడు ఎవరి దగ్గర పడుకుంటాడు, బడికి ఎవరు దింపుతారు అన్నది కూడా వాడికి ముందే చెప్పాలి.

వార్డులోకి చిన్నపిల్లలను రానివ్వడం ఆయా ఆసుపత్రుల నియమం మీద ఆధారపడి ఉంటుంది, అడిగి చూడండి. రానివ్వకపోతే వీడియో కాల్ చాలు. అయితే పాపకు చికిత్స ముందు జలుబు గాని, జ్వరం గాని వస్తే మత్తు ఇవ్వడం ప్రమాదమని తేదీ వాయిదా వేస్తారు, ఇంతగా మనసు సిద్ధం చేసుకున్న బిడ్డకు అది మళ్ళీ మొదటికి వచ్చినట్టే. బడి నుంచి జలుబు తెచ్చేది సాధారణంగా పెద్ద పిల్లలే కనుక, ఆ వారం రోజులూ బాబు ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. వాడికి తుమ్ములు మొదలైతే ఆగకుండా అదే రోజు అమ్మమ్మ గారి ఇంటికి పంపండి. పాపకు ముక్కు కారడం మొదలైనా దాచిపెట్టకుండా ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పండి.